చుక్క పొడవని ఒక్కపొద్దు

రెండో రోజు పొద్దున లక్ష్మీనరసయ్య ఇంట్లో పొయ్యి రాజుకోలేదు.

ఆయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పీట మీద కూర్చుని అప్పటికే చాలాసేపయింది. ముందర కంచం ఉంది, చెంబుతో నీళ్ళున్నాయి, కంచంలో మాత్రం ఏమీ లేదు. కర్నూలు బజారులో బట్టల అంగడి లక్ష్మీనరసయ్య అంటే నిదానానికి పెట్టింది పేరు. అంగట్లో ఉన్న చీరలన్నీ విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయినా నవ్వుతూ మడతలు పెట్టుకుంటాడు. అయితే ఆ నిదానమంతా కడుపు నిండిన తర్వాతి సంగతి.

"ఉగ్గాని యాడ?" అని కేకేశాడు.

వంటింట్లోంచి మాట రాలేదు. గాజుల చప్పుడు వచ్చింది. నాగేంద్రమ్మ నోటితో పలకకుండా గాజులతో పలికిందంటే ఆ ఇంట్లో మగవాళ్ళు చెప్పులు తొడుక్కుని బయటికి నడవడం మంచిది. ఆకలి మీద ఉన్న మనిషికి అంత తెలివి ఎక్కడిది?

"నిన్నే అడుగుతాండా. బొరుగులు నానేసినావా లేదా?"

"మీ కొడుకు కాలేజీ ముందర కడుపు మాడ్చుకోని కూర్చోనుండాడు. మీకు ఉగ్గాని కావల్నా? మిరపకాయ బజ్జీలు గూడా వేయించమంటారా?"

"వేయిస్తే వద్దంటానా?"

అది ఎత్తిపొడుపని ఆయనకు తెలిసేలోపలే మాట జారిపోయింది. నాగేంద్రమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిన్నటినుంచి ఆమె కూడా తినలేదు. తినని ముఖంలో కళ్ళు ఇంకా పెద్దవిగా కనిపిస్తున్నాయి.

"ఫీజు పెంచల్లని చెయ్యెత్తింది ఎవురు? మీరు. ఆ ఫీజు కట్టలేక చదువు మానుకునేది ఎవురు? మన అంగడి అటక మీద పండుకునే మారెన్న. వానికోసరం కూర్చునింది ఎవురు? మన గంగాధరం. మళ్ళ ఉగ్గాని తినేది మాత్రం మీరు!"

"నేనేమన్నా ఆ దుడ్లు మూటగట్టి ఇంటికి తెచ్చుకుంటానా? లెక్చరర్లు నిలబడడంలేదే! రాజధాని మన ఊరికి వచ్చినప్పట్నుంచి గొడ్ల కొట్టం గూడా బాడిగకు దొరకడంలే. జీతం చాలక లెక్కల పంతులు పాయె, ఇంగ్లీషాయన పాయె. ఫీజు పెంచకుంటే చెప్పేవాడే ఉండడు."

"చెప్పేవాడు ఉండి వినేవాడు పోతే?"

మొన్న కాలేజీ కమిటీలో వకీలు కూడా ఇదే అడిగాడు. అప్పుడు అధ్యక్షుడు సుంకప్ప దగ్గాడు కాబట్టి సరిపోయింది. ఇంట్లో దగ్గితే మిరియాల కషాయం కూడా దొరికేట్టు లేదు.

అంతవరకూ నడవలో జపమాల తిప్పుతున్న ఆయన తల్లి వెంకటలక్ష్మమ్మ మాల ఆపింది. ఆమెకు డెబ్బై దాటాయి. నెలలో సగం రోజులు ఏదో ఒక ఉపవాసంలోనే ఉంటుంది. ఆ విషయంలో ఆమెకు తెలియని నియమం లేదు, ఒప్పుకునే సడలింపు లేదు.

"నర్సయ్యా, ఒక సంగతి నాకు అర్థం కావడంలే" అంది. "అబ్బోడు నిన్న తెల్లారిందగ్గర్నుంచి ఒక్కపొద్దు ఉండాడు. బాగుంది. సాయంత్రం చుక్క పొడిచినంక నేను క్యారియర్ పంపితే తినకుండా ఎనిక్కి పంపినాడు. చుక్కను చూసి విడవకపోతే అదేం ఒక్కపొద్దు?"

"అది ఒక్కపొద్దు కాదమ్మా. నిరాహార దీక్ష."

"ఏదో ఒకటి. ఏ దేవునికి?"

"దేవునికి కాదు. కమిటీకి."

"కమిటీ అంటే?"

"మేము అయిదుగురం ఉండాం. సుంకప్ప గారు, డాక్టరు, వకీలు, కోయిలకుంట్ల ఆసామి ఒకాయన, నేను."

వెంకటలక్ష్మమ్మ కొడుకును తల మొదలు కాలిదాకా ఒకసారి చూసింది. చిన్నప్పుడు చీమిడి తుడిచిన ముక్కును చూసింది. బెల్లం దొంగిలించినందుకు వాత పెట్టిన చేతిని చూసింది.

"అంటే వాడు ఒక్కపొద్దు ఉండేది నీకా?"

"అట్ల కాదమ్మా..."

"నీకు పలికే శక్తి ఉండాదా లేదా, అది చెప్పు. నువ్వు సరే అంటే ఫీజు తగ్గుతాదా?"

లక్ష్మీనరసయ్య నిజమే చెప్పాడు. ఇద్దరు పెంచాలంటున్నారు, ఇద్దరు వద్దంటున్నారు. ఎటు తేలాలన్నా తన చేయి లేవాలి. ఈ గొడవ మూలంగా ఈ రోజు మళ్ళీ సభ పెట్టారు. కాలేజీ గేటుకు అడ్డంగా పిల్లలు కూర్చున్నారు కాబట్టి సభ సాయంత్రం తన ఇంట్లోనే.

"నువ్వే దేవుడైతే ఇంక ఉగ్గాని ఎట్ల అడుగుతావప్పా?" అంది ముసలామె. ఆమె గొంతులో వేళాకోళం రవంత కూడా లేదు. "భక్తుడు పస్తుంటే దేవుడు తింటాడా? వాడు విడిచేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. నాగేంద్రమ్మా, అగ్గిపెట్టె నీ దగ్గర్నే పెట్టుకో."

అత్తాకోడళ్ళు ఒక్క మాట మీదికి రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. లక్ష్మీనరసయ్య చెప్పులు తొడుక్కున్నాడు.

ఆయన అంగడికి పోలేదు. తిన్నగా ఉడిపి భట్టు హోటలుకు పోయాడు. ఇంట్లో తిండి లేకపోతే ఊళ్ళో హోటళ్ళు లేవా అన్నది ఆయన ధీమా. మూల బల్ల దగ్గర కూర్చుని, ఇడ్లీ, వడ, ఉప్మా అని ఒకదాని వెంట ఒకటి చెప్పాడు.

పక్క బల్ల దగ్గర కమిటీ సంగతే నడుస్తోంది.

"చదువు కావల్లంటే దుడ్లు కట్టాల్సిందే. అంగట్లో పంచె ఊరికే ఇస్తారా?" అంటున్నాడు ఒక పొగాకు వ్యాపారి.

"పంచె లేకుంటే తువ్వాలు చుట్టుకోని తిరగొచ్చన్నా. చదువు లేకుంటే ఏం చుట్టుకోవాల?" అన్నాడు ఎదుటివాడు. "రాజధాని వచ్చిందని సంబరపడితిమి. గుడారాల నిండా ఆఫీసులే. ఆ ఆఫీసుల్లో మన పిల్లోడు ఒక్కడన్నా ఉండాడా? ఉన్న చదువుకు గూడా ఫీజులతో తలుపు మూసేస్తే ఇంక మనకు మిగిలేది ఎండే."

"ఆ లక్ష్మీనరసయ్య శెట్టిది అంతా. ఆయప్ప చెయ్యెత్తకుంటే పెరిగేదే కాదు."

"మెల్లగ! ఆయనే ఈడ ఉండాడు."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. లక్ష్మీనరసయ్య గోడమీది కేలండరును శ్రద్ధగా చదివాడు.

ఇంతలో భట్టు స్వయంగా వచ్చాడు. గ్లాసుతో మంచినీళ్ళు పెట్టి, భక్తిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇడ్లీ ఏదప్పా?"

"శెట్రే, నాకు పాపం చుట్టుకుంటాది. పాలు తెచ్చే భీమమ్మతో మీ అమ్మగారు చెప్పి పంపినారు. మీరు కఠినమైన ఒక్కపొద్దులో ఉండారంట. ఒకవేళ మరిచిపోయి వచ్చి అడిగినా పెట్టొద్దని చెప్పినారు."

"నేను ఒక్కపొద్దులో లేను!"

"మరిచిపోతారని గూడా చెప్పినారు" అన్నాడు భట్టు జాలిగా.

ఆ నీళ్ళు తాగి ఆయన లేచాడు. పొగాకు వ్యాపారి లేచి దణ్ణం పెట్టాడు. కొడుకు దీక్షకు జోడుగా తండ్రి కూడా పస్తున్నాడన్న మాట ఆయన అంగడికి చేరేలోపలే బజారంతా పాకింది. గిరాకీలు బట్ట చూడకుండా ఆయన ముఖం చూసి పోయారు. మెచ్చుకోళ్ళతో కడుపు నిండదని లక్ష్మీనరసయ్యకు ఆ పూట బాగా తెలిసింది.

కాలేజీ గేటు ముందర షామియానా కింద గంగాధరం వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వాడు తండ్రిలాగే బొద్దు. తండ్రిలాగే వేళకు తిండి పడాలి. షామియానా గుడ్డమీది గుండ్రటి అచ్చులు వాడికి ఉదయంనుంచీ వడల్లాగా కనిపిస్తున్నాయి.

"మారెన్నా, ఏదన్నా మాట్లాడప్పా. తిండి సంగతి తప్ప."

పక్కన కూర్చున్న మారెన్న చరిత్ర పుస్తకం చదువుకుంటున్నాడు. పత్తికొండ పక్కన మెట్టపల్లె వాడిది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మార్కులు బాగా వచ్చిన బీద పిల్లలకు కాలేజీలో సగం ఫీజు సదుపాయం ఉంది. దాని మీదనే చదువుతున్నాడు. ఆ సగానికే తండ్రి గిడ్డయ్య రెండు గొర్రెలు అమ్మాడు. పెంచిన ఫీజులో సగం కూడా ఆ ఇంటికి తలకు మించిన భారమే. ఇంటికి పోయి వేరుసెనగ చేలో కలుపు తీయడమే మిగులుతుంది. ఈ సంగతి వాడు షామియానా కింద ఉపన్యాసాలిచ్చిన నాయకుల్లో ఎవరికీ చెప్పుకోలేదు. గంగాధరం ఒక్కడికే చెప్పాడు.

"మహానంది పోయినప్పుడు కోనేట్లో మునిగినాం, గుర్తుండాదా?" అన్నాడు మారెన్న.

"గుర్తుండాది. మునిగినంక పులిహోర పెట్టినారు..." గంగాధరం కళ్ళు మూసుకున్నాడు. "ఇంకేమన్నా చెప్పురా సామీ."

"నువ్వు లేచి ఇంటికి పో గంగాధరం. నీకు అలవాటు లేదు. నాకు ఫరవాలేదు. మా ఊళ్ళో వాన పడని ఏడు అందరికీ ఇదే దీక్ష. షామియానా ఉండదు, అంతే."

"నువ్వొక్కడే కూర్చుంటే ఎవురు పట్టించుకుంటారప్పా? కమిటీ మెంబరు కొడుకు సొమ్మసిల్లితేనే పేపరువాళ్ళు వస్తారు." గంగాధరం మోచేతిమీద లేచాడు. "నువ్వు లేకుంటే నేను కాలేజీకి వచ్చి ఏం చెయ్యాల? నీ పక్కన కూర్చునే కదా నేను ఇంతదాకా పాసయింది."

ఇందులో చివరి వాక్యం పరీక్షాధికారులు వినదగింది కాదు. మారెన్న పుస్తకంలోకి తల వంచుకున్నాడు. ఆ పేజీ ఎంతకీ తిప్పలేదు.

అప్పుడు గుర్రబ్బండి ఆగింది. వెంకటలక్ష్మమ్మ, నాగేంద్రమ్మ దిగారు. చుట్టూ ఉన్న పిల్లలు నినాదాలు ఆపి దారి ఇచ్చారు.

"ఏం నాయనా, నోరు ఎండిపోయిందా?" నాగేంద్రమ్మ కొడుకు చెంప నిమిరి ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమెకు ఏడుపు వచ్చింది. అందరిముందూ ఏడవడం ఇష్టంలేక, షామియానా తాడు వదులుగా కట్టారని ఎవరినో తిట్టింది.

ముసలామె మాత్రం పనిమీద వచ్చింది.

"గంగాధరం, ఇది ఎన్నాళ్ళ ఒక్కపొద్దు?"

"ఫీజు తగ్గించేదాకా అవ్వా."

"చుక్క పొడిచినా విడవవా?"

"దీనికి చుక్క లేదవ్వా."

"మారెన్నా, నువ్వన్నా చెప్పు. నువ్వు పుస్తకం చదివినోనివి."

మారెన్న ఆలోచించి, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాలనుకున్నాడు. అక్కడే వాడు పొరపాటు చేశాడు.

"ఇది మొక్కు మాదిరి అవ్వా. దేవుడు పలికేదాకా విడిచేది లేదు. మనం అడిగింది ఇచ్చినంక ఆయనే వచ్చి నిమ్మకాయ నీళ్ళు ఇచ్చి విడిపిస్తాడు."

"అయిదుగురు దేవుళ్ళు గదా?"

"అయిదుగురే."

"సాయంత్రం మన ఇంటికే వస్తాండారు గదా?"

"అవునవ్వా."

"మళ్ళ వాళ్ళకు పూజ ఎవురు చేసినారు?" ముసలామె గంగాధరం వైపూ, గేటుకు కట్టిన ఎర్రటి అట్టల వైపూ, అరిచి అరిచి గొంతు పోయిన పిల్లల వైపూ చూసింది. "మీరంతా చదువుకున్నోళ్ళు! ఒక్కపొద్దు పట్టుకోని దేవుణ్ణి తిడతాండారు. పూజ చెయ్యకుండా యాడన్నా వరం ఇస్తారా? నడువు నాగేంద్రమ్మా. కొబ్బరికాయలు తీసుకోవల్ల."

ఆమె గుర్రబ్బండి ఎక్కింది. గంగాధరం మారెన్న వైపు చూశాడు.

"ఏం చెప్పినావురా మా అవ్వకు?"

"తప్పు చెప్పినట్టుండాది" అన్నాడు మారెన్న.

సాయంత్రం కమిటీ వాళ్ళు వచ్చారు. నడవలో తివాచీ పరిచి ఉంది. ఎదురుగా దిండ్లు ఉన్నాయి. కానీ కాఫీ వాసన లేదు. లక్ష్మీనరసయ్య ఇంటికి పెద్దమనుషులు వచ్చి నోరు తడుపుకోకుండా కూర్చోవడం ఏనాడూ జరగలేదు. ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి పోయి, గొంతు తగ్గించి బతిమాలాడు.

"మర్యాద పోతాదే. కాఫీ ఒక్కటన్నా పెట్టు."

నాగేంద్రమ్మ చల్లటి పొయ్యి పక్కన కూర్చుని ఉంది. ముందర బొరుగులు, ఉల్లిగడ్డలు, పప్పుల పొడి, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"మీ చెయ్యి లేస్తే నా చెయ్యి లేస్తాది" అంది.

ఆయన తిరిగి వచ్చేసరికి నడవలో గంట మోగుతోంది. వెంకటలక్ష్మమ్మ పట్టుచీర కట్టుకుని, పళ్ళెంతో, హారతితో వచ్చింది. ముందు సుంకప్ప నుదుట కుంకుమ పెట్టింది. నూనె మిల్లు యజమాని, నలుగురిలో పెద్దమనిషి, ఆయన ఏం జరుగుతోందో తెలియక తల వంచాడు. డాక్టరు వద్దు వద్దంటూనే మెడలో కనకాంబరాల దండ వేయించుకున్నాడు. వకీలు మీసాల్లో నవ్వుకుంటూ కూర్చున్నాడు. కోయిలకుంట్ల ఆసామి మాత్రం కళ్ళు మూసుకుని గంభీరంగా హారతి అందుకున్నాడు. ఆయనకు ఇందులో వింత ఏమీ తోచలేదు.

కడపట కొడుకు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నాకెందుకమ్మా!"

"కదలొద్దు. దేవుడు మాట్లాడగూడదు."

పొయ్యి అవసరంలేని నైవేద్యమంతా పళ్ళేల్లో తెచ్చి పెట్టింది. వడపప్పు, పానకం, కొబ్బరి ముక్కలు, పండిన అరటిపళ్ళు. లక్ష్మీనరసయ్య గొంతులో గుటక పడింది. పానకంలో యాలకుల వాసన ఆయన ముక్కుకు తగిలింది. ముసలామె పళ్ళేల చుట్టూ నీళ్ళు తిప్పి, గంట వాయించి, అందరికీ చూపించింది.

తర్వాత పళ్ళేలు ఎత్తి పక్కన పెట్టేసింది.

సుంకప్ప అప్పటికే ఒక అరటిపండు కోసం చేయి చాపి ఉన్నాడు. ఆ చేయి అట్లాగే గాల్లో ఉండిపోయింది.

"దేవుళ్ళు చూపుతోనే తింటారు సామీ" అంది ఆమె మర్యాదగా. "చెయ్యి చాపే దేవుణ్ణి నేను యాడా చూడలే."

వకీలు ఇక ఆపుకోలేకపోయాడు. నవ్వుతో తివాచీ మీద వాలిపోయాడు. లక్ష్మీనరసయ్యకు మాత్రం నవ్వు రాలేదు. అరటిపళ్ళు వీధిలో ఆడుకుంటున్న పిల్లలకు ప్రసాదంగా పోవడం ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు.

"నా పూజ అయిపాయ. ఇంక మీరు పలకాల" అని ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని మాల చేతిలోకి తీసుకుంది.

సుంకప్ప దగ్గి మొదలుపెట్టాడు. లెక్చరర్ల జీతాలు చెప్పాడు, కారుతున్న కప్పు చెప్పాడు, పిల్లలు అల్లరి చేస్తే తగ్గించే పద్ధతి పెట్టుకుంటే రేపు పరీక్షలు కూడా వద్దంటారన్నాడు. వకీలు లేచాడు. కప్పు బాగుచేసి కింద ఎవరిని కూర్చోబెడతామన్నాడు. కరువు సీమలో కాలేజీ పెట్టింది ఉన్నవాళ్ళ పిల్లల కోసమే అయితే బోర్డు మీద అదే రాయించండి అన్నాడు. మాటకు మాట పెరిగింది. చివరికి చేతులు లెక్కపెట్టే వేళ వచ్చింది.

"పెంచిన ఫీజు రద్దు చెయ్యాలనే వాళ్ళు?"

వకీలు చేయి లేచింది. కోయిలకుంట్ల ఆసామి చేయి లేచింది. అందరూ లక్ష్మీనరసయ్య వైపు చూశారు.

తెల్లవారుజామున అంగడి అటక మీదినుంచి పాఠం చదువుకునే గొంతు ఆయనకు గుర్తొచ్చింది. తలుపు తీసే వేళకు ఆ గొంతు వినడం ఆయనకు అలవాటైపోయింది. అది లేకపోతే అంగడి బోసిపోతుందని ఆ నిముషంలో బలంగా అనిపించింది. అదే నిముషంలో కడుపులో పేగులు కూడా అరిచాయి. ఆయన చేత చేయెత్తించింది దయో ఆకలో ఆయన్ను అడిగినా చెప్పలేడు.

చేయి లేచింది.

వంటింట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.

మూకుడులో నూనె కాగింది. ఆవాలు చిటపటమన్నాయి. ఎండుమిరపకాయ, కరివేపాకు, ఉల్లిగడ్డ ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. ఆ ఘాటు నడవలోకి వచ్చి లక్ష్మీనరసయ్యను నిలువునా ముంచేసింది. సుంకప్ప ఇంకా ఏదో మాట్లాడుతున్నాడు. "అయితే దీంతోపాటు ఇంకొక చిన్న సంగతి తేల్చుకోవాల..." అన్నంతవరకూ లక్ష్మీనరసయ్య విన్నాడు. ఆ తర్వాత ఉల్లిగడ్డ ఎర్రబడింది. వకీలు ఎందుకో లేచి గట్టిగా అరిచాడు. డాక్టరు చేయెత్తాడు. సుంకప్ప ఈయన మోకాలు తట్టి, "మీకు సమ్మతమే గదా శెట్టి గారూ?" అని అడిగాడు.

"కానీండి, కానీండి" అన్నాడు ఆయన, వంటింటి వైపు చూస్తూ.

వెలుతురు తగ్గింది. పడమర చుక్క పొడిచింది. కాలేజీ ముందర టపాకాయలు పేలుతున్నాయి. ఫీజు రద్దయిందన్న వార్త పిల్లల చెవిన పడి అరగడియ కాలేదు, అప్పుడే దండలు వచ్చాయి. వెంకటలక్ష్మమ్మ, నాగేంద్రమ్మ క్యారియర్లతో వచ్చారు. విస్తరాకులు పరిచారు. వేడి ఉగ్గాని, పక్కన బజ్జీలు. నిమ్మకాయ నీళ్ళు తాగి, గంగాధరం మొదటి పిడికెడు నోటిదాకా ఎత్తాడు.

అప్పుడే గేటు తెరుచుకుని ప్రిన్సిపాలు వచ్చాడు. మంచి మనిషి. చెడ్డ వార్తలు చెప్పడం ఆయన ఉద్యోగంలో భాగం.

"పెంచిన ఫీజు రద్దయింది, అది విన్నారు. ఆ లోటు పూడ్చుకోవడానికి కమిటీ ఇంకొకటి కూడా తీర్మానించింది." ఆయన ఎవరి ముఖంలోకీ చూడలేదు. "ఈ టర్మునుంచి సగం ఫీజు సదుపాయం ఎత్తేశారు. ఇకమీదట అందరూ పూర్తి ఫీజు కట్టాల్సిందే."

జేజేలు సగంలో ఆగిపోయాయి. దాని అర్థం చాలామందికి తెలియలేదు. తెలిసినవాడు మాత్రం విస్తరాకు ముందర కదలకుండా కూర్చున్నాడు.

"నువ్వు తిను గంగాధరం" అన్నాడు మారెన్న. గొంతు మామూలుగానే ఉంది. "నీ దీక్ష తీరిపోయింది. నేను రేపు పత్తికొండ బస్సుకు పోతా."

గంగాధరం ఆ పిడికెడు ఆకులో పెట్టేశాడు. వాడికి ఆకలి ఎటుపోయిందో తెలియలేదు.

"ఎవురు చెయ్యెత్తినారు సార్, దీనికి?"

"అధ్యక్షులు, డాక్టరు గారు." ప్రిన్సిపాలు నసిగాడు. "ఇంకొకరు సమ్మతించారు. వకీలు గారు ఎంత అరిచినా లాభం లేకపోయింది."

ఆ ఇంకొకరు అప్పుడే గుర్రబ్బండి దిగారు. లక్ష్మీనరసయ్య ముఖం కళకళలాడుతోంది. పైపంచెతో మూతి తుడుచుకుంటూ, తృప్తిగా త్రేన్చి, జనం మధ్యలోంచి వచ్చాడు.

"ఏమప్పా మారెన్నా! గెలిచినారు గదా? ఇంక నిశ్చింతగా చదువుకో."

మారెన్న లేచి నిలబడి ఆయనకు చేతులు జోడించాడు. అది చూసి లక్ష్మీనరసయ్య ఇంకా సంతోషించాడు.

"నాయనా, సగం ఫీజు తీసేయడానికి నువ్వు ఒప్పుకున్యావా?" అన్నాడు గంగాధరం.

"సగం ఫీజా? అదెప్పుడు..."

ఆయన ఆగిపోయాడు. పోపు చిటపటల కింద మునిగిపోయిన మాటలు ఒక్కొక్కటే తేలి వచ్చాయి. చిన్న సంగతి. మీకు సమ్మతమే గదా. కానీండి, కానీండి. ఆయన నాగేంద్రమ్మ వైపు చూశాడు. ఆమె తన చేతిలోని గరిటె వైపు చూసుకుంది.

"ఏమంటాండారు వీళ్ళు?" అని అడిగింది వెంకటలక్ష్మమ్మ. గంగాధరం చెప్పాడు. ఆమె రెండుసార్లు చెప్పించుకుని విన్నది.

"నర్సయ్యా, నువ్వు తిని వచ్చినావా?"

"తిన్యానమ్మా" అన్నాడు ఆయన, చిన్నపిల్లవాడి గొంతుతో.

ముసలామె మారెన్న ముందరి విస్తరాకును జాగ్రత్తగా మడిచి పక్కకు జరిపింది. చెప్పులు విప్పింది. మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా, షామియానా కింద చాప మీద కూర్చుంది.

"జరుగు మారెన్నా. నువ్వు యాడికీ పోయేది లేదు. మీకు దేవుణ్ణి అడగడం రాలేదు. ఈ తూరి నేను ఉంటా."

"అమ్మా! డెబ్బై దాటినాయి నీకు! ఈ చలిగాలిలో, తిండి లేకుండా ఎట్లుంటావు?"

వెంకటలక్ష్మమ్మ జపమాల చేతిలోకి తీసుకుని కొడుకు వైపు చూసింది.

"అందుకే చెప్తాండా" అంది. "తొందరగా పలుకు."